పాత స్లయిడ్ ప్రొజెక్టరు మళ్లీ వెలగాలంటే

ఇల్లు మారేటప్పుడో, గోడలకు రంగులు వేయించేటప్పుడో మియాపూర్ అపార్టుమెంట్లలో అటక మీది నుంచి ఒక్కోసారి ఓ బరువైన పెట్టె కిందికి దిగుతుంది. మూత తీస్తే నల్లటి ప్రొజెక్టరు, దాని నెత్తిన అరలు అరలుగా గుండ్రటి ట్రే, పక్కనే పసుపుపచ్చ అట్టపెట్టెల్లో వందలకొద్దీ స్లయిడ్లు. ఆ సామాను 1970, 80 దశకాల్లో అమెరికాలో ఉండి వచ్చిన డాక్టరుగారిది కావచ్చు. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో పనిచేసి రిటైరైన ఇంజినీరుగారిది కావచ్చు. పటాన్‌చెరు దగ్గర 1972లో మొదలైన ఇక్రిశాట్‌లో జొన్న, కంది పంటల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్తది కావచ్చు. ఆ కాలంలో సదస్సులో ఉపన్యాసానికైనా, మెడికల్ కాలేజీలో పాఠానికైనా, ఇంట్లో పెళ్లి ఫొటోలు నలుగురికీ చూపించడానికైనా స్లయిడ్లే దిక్కు.

పెట్టె దిగగానే ఇంట్లో ఎవరో ఒకరు అనే మాట: "ప్లగ్గు పెట్టి చూద్దాం, పనిచేస్తుందేమో!" ఆ తొందరే ప్రమాదం. ముప్ఫై నలభై ఏళ్లుగా కదలని మోటారు, ఎండి పెళుసెక్కిన వైరు, గట్టిపడిన గ్రీజు, బూజు పట్టిన స్లయిడ్లు అన్నీ ఒకేసారి కరెంటునూ వేడినీ ఎదుర్కోవాల్సి వస్తుంది. యంత్రం చెడితే బాగుచేసుకోవచ్చు. స్లయిడ్ మీది రంగు పోతే మళ్లీ తెచ్చుకునే మార్గం లేదు. ప్రొజెక్టరు వాడకంలోనూ సంరక్షణలోనూ ప్రతి జాగ్రత్తా ఈ ఒక్క తేడా నుంచే పుడుతుంది.

గాజు పలక నుంచి గుండ్రటి ట్రే దాకా

దీపం ముందు బొమ్మ పెట్టి, కటకంతో గోడ మీద పెద్దగా పడేలా చేసే మేజిక్ లాంతరును డచ్చి శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో రూపొందించాడు. ఆ లాంతరు వంశమే మన సినిమా హాళ్లలోనూ చాలాకాలం నడిచింది. ఆట మొదలయ్యే ముందూ, విశ్రాంతి సమయంలోనూ 'పొగ త్రాగరాదు' అన్న హెచ్చరికా, ఊళ్లోని బట్టల కొట్టు, నగల దుకాణం ప్రకటనలూ తెర మీద పడేవి. అవన్నీ చేత్తో రాసి, రంగులద్దిన గాజు స్లయిడ్లే. టీవీ రాకముందు తెలుగు ఊళ్లలో చిన్న వ్యాపారికి అందుబాటులో ఉన్న పెద్ద ప్రకటన అదే.

ఇళ్లలోకీ, ఆఫీసుల్లోకీ వచ్చినవి 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ స్లయిడ్లు. ఫిల్మ్ మీద బొమ్మ కొలత 24×36 మిల్లీమీటర్లు. దాన్ని 50×50 మిల్లీమీటర్ల అట్ట లేదా ప్లాస్టిక్ చట్రంలో బిగిస్తారు. లియోపోల్డ్ మేన్స్, లియోపోల్డ్ గొడౌస్కీ అనే ఇద్దరు సంగీత విద్వాంసులు కనిపెట్టిన కొడాక్రోమ్ 1935లో సినిమా ఫిల్మ్‌గా, మరుసటి ఏడాది స్లయిడ్ ఫిల్మ్‌గా వచ్చింది. కొడాక్ సంస్థ 1961లో కెరసెల్ ప్రొజెక్టరును విడుదల చేసింది. 80 స్లయిడ్లు పట్టే గుండ్రటి ట్రే, మీట నొక్కితే ఒక్కొక్కటిగా తమంత తామే దిగే స్లయిడ్లు దాని ప్రత్యేకత. 2004 దాకా కొడాక్ ఈ ప్రొజెక్టర్లు తయారు చేసింది. జర్మనీ నుంచి లైట్జ్, రోలై, బ్రౌన్ కంపెనీల ప్రొజెక్టర్లు కూడా మన దేశానికి వచ్చాయి.

వీటి స్థానాన్ని ఆక్రమించిన సాఫ్ట్‌వేరే నేడు సైబరాబాద్ ఆఫీసుల్లో రోజువారీ పనిముట్టు. పవర్‌పాయింట్ 1987లో వచ్చింది. తొలి సంవత్సరాల్లో దాంట్లో తయారుచేసిన పేజీలను జెనిగ్రాఫిక్స్ అనే సంస్థకు పంపి, 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ స్లయిడ్లుగా మార్పించుకుని, ఇలాంటి ప్రొజెక్టర్లలోనే వేసి చూపించేవారు. కంప్యూటర్ నుంచి నేరుగా తెర మీదికి బొమ్మ పంపే పరికరాలు చవకయ్యాక ఫిల్మ్ స్లయిడ్‌తో పని తీరిపోయింది.

మరి ఇప్పుడు దీన్ని మళ్లీ వెలిగించడం ఎందుకు? కారణం బొమ్మలోనే ఉంది. కాగితం మీద ఫొటోలో అతి తెల్లని చోటికీ అతి నల్లని చోటికీ మధ్య వెలుగు తేడా సుమారు వంద రెట్లు. మంచి స్లయిడ్‌లో ఆ తేడా వెయ్యి రెట్లు దాటుతుంది. చీకటి గదిలో అంచు జరీ మెరుపూ, చెట్టు నీడలోని ముఖమూ ఒకే బొమ్మలో స్పష్టంగా కనిపించడానికి కారణం అదే. ఫిల్మ్ తీసినవారు చూడాలనుకున్నది ఆ బొమ్మనే. ఫోన్‌లోకి ఎక్కించిన కాపీ దానికి సాటి రాదు.

వెలుగు నడిచే దారి

ప్రొజెక్టరు లోపల వెలుగు ఐదు మజిలీలు దాటుతుంది. మొదట బల్బు, దాని వెనక వెలుగును ముందుకు తిప్పే అద్దం. తర్వాత వెలుగును స్లయిడ్ అంతటా సమానంగా పరిచే కండెన్సర్ కటకాలు. వాటి మధ్యలో లేత ఆకుపచ్చ ఛాయతో కనిపించే ఉష్ణశోషక గాజు. ఆపైన స్లయిడ్. చివరన బొమ్మను పెంచి తెర మీద నిలబెట్టే లెన్స్.

ఇందులో చూపుకు ఆనకపోయినా ప్రాణంలాంటిది ఆ ఉష్ణశోషక గాజు. 250 వాట్ల హాలోజన్ బల్బు తీసుకునే విద్యుత్తులో కంటికి కనిపించే వెలుగుగా మారేది కొద్ది భాగమే. మిగిలిందంతా వేడి, ప్రధానంగా పరారుణ కిరణాలు. గాజులోని ఇనుము అయాన్లు ఆ కిరణాలను పీల్చుకుంటాయి. ఫ్యాను గాలి గాజును చల్లబరుస్తూ ఉంటుంది. కొన్ని బల్బుల వెనక ఉండే రంగురంగుల పూత అద్దం వెలుగును ముందుకు పంపి, వేడిని వెనక్కి వదిలేస్తుంది. శుభ్రం చేస్తూ ఉష్ణశోషక గాజును బయటికి తీసి తిరిగి పెట్టడం మరిచిపోతే స్లయిడ్ కొద్దిసేపట్లోనే వంకరపోతుంది, మాడిపోతుంది కూడా. ఆ గాజులో చీలిక కనిపిస్తే మార్చేదాకా బల్బు వెలిగించకూడదు.

దుమ్ము ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. కండెన్సర్ మీది దుమ్ము ఫోకస్‌లో ఉండదు కాబట్టి మచ్చగా కనిపించదు. వెలుగును చెదరగొట్టి బొమ్మను కాస్త పాలిపోయేలా చేస్తుంది, అంతే. స్లయిడ్ మీది దుమ్ము మాత్రం బొమ్మతో పాటే పెరుగుతుంది. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో 3 మీటర్ల దూరంలోని తెర మీద బొమ్మ 35 రెట్లు పెద్దదవుతుంది. మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న నూలు పోగు అక్కడ మూడున్నర మిల్లీమీటర్ల తాడవుతుంది. అందుకే లెన్స్‌కీ కండెన్సర్‌కీ నెలకోసారి తుడుపు చాలు. స్లయిడ్‌కు మాత్రం ట్రేలో పెట్టే ప్రతిసారీ రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.

ప్లగ్గు పెట్టే ముందు

ముందు వైరు చూడాలి. మడిచిన చోట పైతొడుగు పగిలి ఉంటే మొత్తం వైరే మార్చాలి. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చిన లోహపు పెట్టె ప్రొజెక్టరైతే, లోహపు భాగానికి కరెంటు తగలడం లేదని ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో పరీక్ష చేయించాలి. కొన్ని పాత యంత్రాల్లో బల్బు గూడు చుట్టూ ఆస్బెస్టాస్ వాడారు. బూడిదరంగు పీచులాంటి అట్ట కనిపిస్తే గీకకండి, ఊదకండి. దాన్ని ముట్టుకోకుండా తెలిసినవారికి అప్పగించాలి.

తర్వాత కెపాసిటర్. మెయిన్స్ వైపు ఉండే పాత కాగితపు కెపాసిటర్ల పారదర్శక తొడుగు మీద కాలక్రమంలో సన్నని పగుళ్లు వస్తాయి. వాటిలోంచి తేమ లోపలికి చేరుతుంది. కరెంటు పెట్టిన కాసేపటికి ఫట్‌మని పేలి, ఘాటైన పొగ వస్తుంది. పగుళ్లుంటే ముందే కోసేసి, అదే విలువ గల ఎక్స్2 రకం కెపాసిటర్ టంకం వేయించుకోవాలి. కోఠీలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలకు ప్రసిద్ధి. మియాపూర్‌లో మెట్రో రెడ్ లైన్ ఎక్కి, బండి మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠీయే. పోయిన నాబు, ట్రే, లెన్స్ లాంటి వాటికి అదే లైన్‌లోని ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతకవచ్చు. అక్కడ పాత సామాన్లలో ఏ రోజు ఏం దొరుకుతుందో చెప్పలేం.

మొదటిసారి కరెంటు ఇవ్వడానికి మెకానిక్కుల పాత పద్ధతే మేలు. ప్రొజెక్టరు బల్బు తీసేసి, యంత్రాన్ని 100 వాట్ల మామూలు ఫిలమెంటు బల్బుతో సిరీస్‌లో కలపాలి. సిరీస్ బల్బు మసకగా వెలిగి ఫ్యాను మెల్లగా కదిలితే పరవాలేదు. బల్బు పూర్తిగా ప్రకాశిస్తే లోపల షార్ట్ ఉన్నట్టే. ఇది తెరిచి ఉన్న కరెంటుతో పని కాబట్టి అలవాటున్నవారే చెయ్యాలి.

అమెరికా నుంచి తెచ్చినదైతే

మన ఇళ్లలోని కెరసెళ్లలో చాలావాటి మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. నేరుగా మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే బల్బు తక్షణం పోతుంది, మోటారు కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. బల్బు 300 వాట్లు, దానికి మోటారు కూడా తోడు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం కనీసం 500 వీఏ ఉండాలి. ట్రావెల్ కన్వర్టర్ పేరిట అమ్మే తేలికపాటి ఎలక్ట్రానిక్ డబ్బాలు వోల్టేజీని ముక్కలు చేసి పంపుతాయి. అవి మోటారుకు పనికిరావు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది కానీ హెర్ట్జ్‌లను మార్చలేదు. ఇలాంటి ఏసీ మోటారు వేగం హెర్ట్జ్‌ల మీద ఆధారపడుతుంది కాబట్టి మన 50 హెర్ట్జ్ దగ్గర అది ఆరో వంతు నెమ్మదిస్తుంది. స్లయిడ్ మారడం కాస్త ఆలస్యమైతే నష్టం లేదు. కానీ ఫ్యాను గాలీ ఆరో వంతు తగ్గుతుంది, బల్బు వేడి మాత్రం అంతే ఉంటుంది. పైగా హెర్ట్జ్ తగ్గితే మోటారు ఇనుములో అయస్కాంత ప్రవాహం పెరిగి, మోటారు కూడా ఎక్కువ వేడెక్కుతుంది.

దీనికి చక్కని ఉపాయం ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌ను 120 బదులు 110 వోల్టుల ట్యాప్ మీద పెట్టడం. మోటారు వేడి తగ్గుతుంది. బల్బు వెలుగు సుమారు నాలుగో వంతు తగ్గుతుంది, దాని ఆయుష్షు మాత్రం రెట్టింపు కంటే ఎక్కువ పెరుగుతుంది. స్లయిడ్ మీద పడే వేడీ తగ్గుతుంది. ఇంట్లో గదిని బాగా చీకటి చేస్తే ఆ తగ్గిన వెలుగు తెలియను కూడా తెలియదు.

యూరప్ ప్రొజెక్టర్ల అడుగున 220, 230, 240 అని వోల్టేజీ ఎంచుకునే స్విచ్చు ఉంటుంది. దాన్ని 240 మీద ఉంచడం శ్రేయస్కరం. టంగ్‌స్టన్ బల్బుకు వోల్టేజీ 5 శాతం పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. రాత్రిపూట మన లైన్లలో వోల్టేజీ పెరగడం మామూలే.

బల్బు సంగతి

యూరప్ రకాల్లో సాధారణంగా 24 వోల్టుల, 150 లేదా 250 వాట్ల హాలోజన్ బల్బు ఉంటుంది. 230 వోల్టులు వస్తుంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 24కు ఎందుకు దించారు? వోల్టేజీ తక్కువైతే అదే వాట్లకు ఫిలమెంటు పొట్టిగా, లావుగా ఉండాలి. చిన్న చోటు నుంచి వచ్చే వెలుగును కటకాలు చక్కగా కూడగట్టగలవు. లావు ఫిలమెంటు కుదుపులకు కూడా తట్టుకుంటుంది.

దానికి చెల్లించే మూల్యం కరెంటు. 250 వాట్లను 24తో భాగిస్తే 10 ఆంపియర్ల పైచిలుకు. అంత కరెంటు బల్బు రెండు పిన్నుల గుండా పోవాలి. సాకెట్ కాస్త వదులైనా, పిన్ను మీద నలుపు పట్టినా అక్కడ నిరోధం పెరిగి, వేడి పుట్టి, ఆ వేడికి నలుపు ఇంకా పెరుగుతుంది. కొత్త బల్బు వేసినా మినుకుమినుకుమంటుంటే తప్పు బల్బుది కాదు, సాకెట్‌ది. సాకెట్ మార్చకుండా బల్బులు మారుస్తూ పోతే ప్రతి కొత్త బల్బు పిన్నులూ కాలిపోతాయి.

హాలోజన్ బల్బు గాజు నిజానికి క్వార్ట్జ్. ఫిలమెంటు నుంచి ఆవిరైన టంగ్‌స్టన్ లోపలి హాలోజన్‌తో కలిసి తిరిగి ఫిలమెంటు దగ్గరికే చేరుతూ ఉంటుంది. అందుకే గోడ నల్లబడదు. ఈ చక్రం సాగాలంటే బల్బు గోడ సుమారు 250 డిగ్రీలకు మించి వేడిగా ఉండాలి. వట్టి వేలితో ముట్టుకుంటే చర్మం మీది ఉప్పూ జిడ్డూ అంటుకుని, ఆ వేడికి క్వార్ట్జ్ అక్కడ తెల్లబారి బలహీనపడుతుంది. కొత్త బల్బును దాని ప్లాస్టిక్ తొడుగుతోనే పట్టుకుని బిగించాలి. పొరపాటున వేలు తగిలితే వెలిగించే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఎక్కువ వెలుగు కోసం తయారైన కొన్ని రకాల ఆయుష్షు 50 గంటలే. కొనేటప్పుడు వోల్టు, వాటుతో పాటు ఆయుష్షు కూడా చూసుకోవాలి.

ఆట ముగిశాక బల్బు ఆర్పి, ఫ్యానును కొన్ని నిమిషాలు తిరగనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు యంత్రాన్ని కదపకూడదు. మెత్తబడిన ఫిలమెంటు ఆ కుదుపుకే తెగుతుంది.

హాలోజన్ బదులు ఎల్‌ఈడీ పెడదామనుకునేవారూ ఉన్నారు. వేడి బాగా తగ్గుతుంది, అది పెద్ద లాభం. అయితే వెలుగు పుట్టే చోటు పాత ఫిలమెంటు ఉన్న చోటే సరిగ్గా కుదరకపోతే తెర మధ్యలో వెలుగు, అంచుల్లో చీకటి పడతాయి. రంగులు కూడా చల్లగా, నీలంగా మారతాయి. రంగులను నిక్కచ్చిగా చూపే, సీఆర్‌ఐ 95కు తగ్గని ఎల్‌ఈడీ ఎంచుకోవాలి.

గ్రీజు, బెల్టు, పళ్లచక్రం

కెరసెల్‌లో మీట నొక్కగానే సోలినాయిడ్ లాగుతుంది, క్లచ్ పడుతుంది, కామ్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ ఒక్క చుట్టులోనే షట్టర్ మూసుకుని, చెయ్యి స్లయిడ్‌ను పైకి లేపి, ట్రే ఒక అర ముందుకు జరిగి, కొత్త స్లయిడ్ తన బరువుతో కిందికి దిగి, షట్టర్ మళ్లీ తెరుచుకుంటుంది. అంతా రెండు సెకన్ల లోపే. స్లయిడ్‌ను కిందికి దించేది భూమ్యాకర్షణే కాబట్టి అంచు వంగిన అట్ట చట్రాలే ఎక్కువగా ఇరుక్కుంటాయి.

ఇరుక్కుంటే ట్రేను బలవంతంగా లాగకూడదు. ట్రే నడిమధ్యనున్న గాడిలో రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే ట్రే విడివడి పైకి వస్తుంది. అప్పుడు స్లయిడ్‌ను నింపాదిగా తియ్యవచ్చు. అంచు చీలిన అట్ట చట్రాలను ప్లాస్టిక్ చట్రాల్లోకి మార్చాకే మళ్లీ ట్రేలో పెట్టాలి.

స్లయిడ్ ముందుకు కదలకపోవడానికి అసలు కారణం సాధారణంగా గ్రీజే. గ్రీజులోని నూనె దశాబ్దాల్లో ఆరిపోయి, సబ్బులాంటి భాగం మైనంలా మిగులుతుంది. దాన్ని పుల్లతో గీకి, ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, పల్చగా లిథియం గ్రీజు పూయాలి. ప్లాస్టిక్ పళ్లచక్రాలకు పెట్రోలు, థిన్నర్ తగలనివ్వకూడదు, అవి పగుళ్లిస్తాయి. మోటారు ఇరుసు బేరింగులకు ఒకటి రెండు చుక్కల కుట్టుమిషన్ నూనె చాలు. కిర్రుమంటే కొబ్బరినూనె వెయ్యడం మన ఇళ్లలో అలవాటు. ప్రొజెక్టరులో ఆ పని అస్సలు చెయ్యకూడదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది.

బెల్టుతో నడిచే రకాల్లో రబ్బరు సాగిపోవడమో, కరిగి తారులా అంటుకోవడమో జరుగుతుంది. పాత బెల్టు పొడవు కొలవడం కంటే పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలవడం మంచిది, ఎందుకంటే పాతది సాగి ఉంటుంది. ఆ కొలతలో సుమారు 5 నుంచి 10 శాతం తగ్గించి, గాడి వెడల్పుకు సరిపోయే ఓ-రింగు చూసుకోవాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో యంత్రసామగ్రి అమ్మే దుకాణాల్లో ఇలాంటివి అడిగి చూడవచ్చు.

స్లయిడ్‌కు వెలుగే శత్రువు

ఇక అన్నిటికంటే విలువైన భాగం. రంగు స్లయిడ్‌లో చివరికి మిగిలేవి మూడు రంగుల పొరలు: సయాన్, మెజెంటా, పసుపు. తెల్లని వెలుగులోంచి ఒక్కో పొర ఒక్కో భాగాన్ని మింగేస్తే మిగిలినదే మనం చూసే రంగు. సయాన్ పొర ముందుగా వెలిసిపోతే మిగతా రెండూ కలిసి బొమ్మంతా ఎర్రబారుతుంది. 1960ల నాటి ఎన్నో స్లయిడ్లు ఎర్రగా కనిపించడానికి కారణం అదే.

వెలిసిపోవడం రెండు రకాలు. పెట్టెలో చీకట్లో ఉన్నప్పుడు మెల్లగా జరిగేది ఒకటి, ప్రొజెక్టరు వెలుగులో వేగంగా జరిగేది మరొకటి. కొడాక్రోమ్‌కు చీకట్లో ఎదురులేదు. సరిగ్గా దాచితే అరవై డెబ్బై ఏళ్ల తర్వాతా రంగులు నిలిచి ఉంటాయి. ప్రొజెక్టరు ముందు మాత్రం అది అన్నిటికంటే బలహీనం. ఫొటోల మన్నికపై ప్రామాణిక పరిశోధన చేసిన హెన్రీ విల్‌హెల్మ్ 1993 నాటి తన గ్రంథంలో ఇచ్చిన అంచనా ప్రకారం, ఒక రంగు పొర గుర్తుపట్టగలిగినంతగా, అంటే 20 శాతం, వెలిసిపోవడానికి కొడాక్రోమ్‌కు మొత్తం సుమారు ఒక గంట ప్రదర్శన చాలు. ఇతర స్లయిడ్ ఫిల్మ్‌లైన ఎక్టాక్రోమ్‌కు రెండున్నర గంటల పైచిలుకు, ఫ్యూజీక్రోమ్‌కు ఐదు గంటలు పడుతుంది.

ఇది ఒకే కూర్చోవడంలో గడిచే గంట కానక్కరలేదు, జీవితకాలం మొత్తం మీది లెక్క. ఒక స్లయిడ్‌ను ఆటకు 10 సెకన్లు చూపిస్తే 360 ఆటలకు గంట పూర్తవుతుంది. అదే స్లయిడ్‌ను తెర మీద నిలిపి, ఫొటోలోని బంధువుల గురించి 5 నిమిషాలు మాట్లాడుకుంటే 12 సార్లకే ఆ కోటా అయిపోతుంది. ముచ్చట్లు చెప్పుకోవద్దని కాదు. బొమ్మ చూశాక స్లయిడ్ ముందుకు జరిపి, గది దీపం వేసుకుని చెప్పుకుంటే సరి.

మన ఊళ్లో రెండో శత్రువు తేమ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ గాలిలో తేమ బాగా పెరుగుతుంది. సాపేక్ష ఆర్ద్రత 65 శాతం దాటి కొంతకాలం నిలిచిందంటే ఫిల్మ్ మీది జెలటిన్ బూజుకు ఆహారమవుతుంది. సాలెగూడులాంటి సన్నని పోగులు మొదట అంచుల్లో కనిపిస్తాయి. బూజు పట్టిన స్లయిడ్‌ను నీళ్లతో కడగకూడదు. బూజు సోకిన జెలటిన్ నీటిలో కరిగి, బొమ్మ కొట్టుకుపోతుంది. నూటికి 98 పాళ్లకు తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి, ముందుగా అంత ముఖ్యం కాని ఒక స్లయిడ్ మీద ప్రయత్నించి, రంగు దిగడం లేదని నిర్ధారించుకున్నాకే మిగతావి తుడవాలి. మందుల షాపుల్లో దొరికే 70 పాళ్ల రకంలో మిగతాది నీళ్లే కాబట్టి అది వద్దు.

గాజు పలకల మధ్య బిగించిన స్లయిడ్లకు మరో చిక్కు ఉంది. ఫిల్మ్ గాజుకు అతుక్కున్నట్టు ఉండే చోట ఏర్పడే అతి పల్చని గాలి పొరలో కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి, తెర మీద ఇంద్రధనుస్సు వలయాలు కనిపిస్తాయి. వీటికి న్యూటన్ వలయాలని పేరు. ఒక వైపు నునుపు తగ్గించిన గాజు వాడితే ఇవి పోతాయి. వానాకాలంలో గాజు మధ్య చిక్కిన తేమ వేడికి ఆవిరై బొమ్మ మీద పొగమంచులా పరుచుకుంటుంది. అలాంటి స్లయిడ్లను ఎండాకాలంలో విప్పి, పొడి గాలిలో ఉంచి మళ్లీ బిగించాలి.

దాచే చోటు విషయానికొస్తే, పై అంతస్తు ఫ్లాట్‌లో టెర్రస్‌కు ఆనుకున్న అటక వేసవిలో పొయ్యిలా కాగుతుంది. వంటింటి పక్క అటక ఆవిరి పట్టేస్తుంది. పడకగదిలో, బయటి గోడకు తగలని బీరువా మధ్య అర మేలు. పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపైలిన్ కవర్లు వాడండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి, దాని రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు.

ఆట రోజు

దూరం లెక్క తేలిక. తెర దూరాన్ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించి 36తో గుణిస్తే బొమ్మ వెడల్పు వస్తుంది. 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో 3 మీటర్ల దూరంలో 1.27 మీటర్ల బొమ్మ. 150 మిల్లీమీటర్ల లెన్స్ అయితే అదే దూరంలో 72 సెంటీమీటర్లే. మన ఫ్లాట్ల హాలుకు 85 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది. నిగనిగలాడని తెల్లరంగు గోడ ఉంటే తెర కొనక్కరలేదు.

స్లయిడ్ పెట్టే పద్ధతి ఇదీ. ప్రొజెక్టరు వెనక, తెర వైపు చూస్తూ నిలబడండి. స్లయిడ్‌లోని అక్షరాలు సరిగ్గా చదవగలిగేలా పట్టుకుని, అలాగే తలకిందులుగా తిప్పి అరలో దించండి. కాంతి పడితే మెరవని వైపు, అంటే ఎమల్షన్ వైపు, తెరకేసి ఉండాలి. లెన్స్ బొమ్మను పైకిందులుగానూ కుడిఎడమలుగానూ తిప్పేస్తుంది కాబట్టి తెర మీద తిన్నగా వస్తుంది. పాత స్లయిడ్ల మూలన చుక్క ఉంటే అది ఇప్పుడు కుడివైపు పై మూలకు రావాలి.

మొదటి క్షణాల్లో ఫోకస్ సరిగ్గా ఉండి, వెంటనే మసకబారితే ప్రొజెక్టరు పాడైందని కంగారుపడకండి. వేడికి ఫిల్మ్ వంపు మారుతుంది, అంతే. ఫోకస్ కాస్త సవరించుకుంటే చాలు.

ముందు కాపీ, తర్వాతే ఆట

విలువైన స్లయిడ్లను ప్రొజెక్టరులో పెట్టే ముందే డిజిటల్ కాపీ తీసి ఉంచుకోవాలి. మాక్రో లెన్స్ ఉన్న 24 మెగాపిక్సెల్ కెమెరాతో, మంచి ఎల్‌ఈడీ వెలుగు పలక మీద స్లయిడ్ పెట్టి ఫ్రేము నిండా తీస్తే సుమారు 4,200 డీపీఐ వస్తుంది. ఇంటి అవసరానికి అది పుష్కలం. స్కానర్‌లో తీస్తే, పరారుణ కిరణాలతో దుమ్ము మచ్చలు తొలగించే సౌకర్యాన్ని కొడాక్రోమ్‌కు వాడకండి. ఆ ఫిల్మ్‌లో బొమ్మను కూడా అది దుమ్ముగా భ్రమపడి చెరిపేస్తుంది.

కొత్తగా స్లయిడ్లు తీయాలనుకునేవారికీ దారి మూసుకుపోలేదు. కొడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది. అమెరికాలోని పార్సన్స్ పట్టణంలో దాన్ని కడిగిన ఆఖరి ల్యాబు 2010 డిసెంబరు 30తో ఆ పని ముగించింది. అయితే 2012 ప్రాంతంలో ఆగిపోయిన ఎక్టాక్రోమ్‌ను కొడాక్ 2018లో మళ్లీ తెచ్చింది. ఎప్పుడూ చూపించడానికి అలాంటి కొత్త ఫిల్మ్ వాడి, పాత కొడాక్రోమ్‌ను పండగలకూ పబ్బాలకూ మాత్రమే వెలిగిస్తే రెండూ మన్నుతాయి.

బెల్టు తెగితే మరో బెల్టు దొరుకుతుంది, బల్బు పోతే మరో బల్బు. వెలిసిన రంగుకూ, ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పగల పెద్దవాళ్లకూ ప్రత్యామ్నాయం లేదు. మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే వచ్చే వానాకాలం రాకముందే కిందికి దించండి. యంత్రాన్ని పరీక్ష చేయించండి, స్లయిడ్లు కాపీ తీయండి. ఒక సాయంత్రం తాతయ్యనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క స్లయిడ్‌కు పది సెకన్ల చొప్పున చూపించి, ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అని అడిగి, అట్ట చట్రం మీద పెన్సిల్‌తో రాసిపెట్టండి.